వెన్నులో సార్కాయిడోసిస్: మందు కన్నా వరస ముఖ్యం

సార్కాయిడోసిస్ అనగానే వైద్యులకు ముందుగా తట్టేది ఊపిరితిత్తులు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి ఊపిరితిత్తులైనా, రొమ్ము మధ్యలోని లింఫు గ్రంథులైనా దెబ్బతింటాయి. వాళ్లలో చాలామందికి మందు అక్కర లేకుండానే తగ్గిపోతుంది కూడా. అందుకే ఛాతీ వైద్యులు తరచు ‘కొన్నాళ్లు చూద్దాం’ అంటారు. జబ్బు వెన్నుపాములోకి వచ్చినప్పుడు ఆ మాట చెల్లదు. చిటికెనవేలి మందం కూడా ఉండని ఆ నరాల కట్ట మీదే కాళ్ల బలం, మూత్రం మీద అదుపు, నడుము కింది స్పర్శ ఆధారపడి ఉంటాయి. అక్కడ వాపు నెలల తరబడి నిలిస్తే చివరికి మిగిలేది మచ్చ. మచ్చను మాన్పే మందు లేదు.

ఇది అరుదైన జబ్బే. సార్కాయిడోసిస్ రోగుల్లో నాడీవ్యవస్థకు సంబంధించిన బాధలు కనబడేది నూటికి 5 నుంచి 10 మందిలో. వెన్నుపాము దెబ్బతినేది మొత్తం రోగుల్లో ఒక శాతం లోపేనని సాధారణంగా చెప్పే లెక్క. ఇంత తక్కువమంది కావడం వల్లే, ఏ మందు మేలో చీటీ వేసి రెండు జట్లుగా విడదీసి పోల్చి చూసిన పెద్ద పరిశోధన వెన్నుపాము సార్కాయిడోసిస్ మీద లేదు. వైద్యుల చేతిలో ఉన్నవి ఆసుపత్రుల పాత రికార్డుల నుంచి కూర్చిన వివరాలు, ఊపిరితిత్తుల మీద జరిగిన పరిశోధనలు, నిపుణుల ఉమ్మడి అభిప్రాయాలు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేలుతుంది. ఫలితం ఏ మందు ఎంచుకున్నారన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, ఏది ముందు చేశారు, ఏది తర్వాత చేశారు, ఎప్పుడు ఆపారు అన్న దాని మీద అంతకన్నా ఎక్కువ ఆధారపడుతుంది. క్షయ ఊరూరా ఉన్న మన దేశంలో ఈ వరస తప్పడానికి అవకాశాలు ఇంకా ఎక్కువ.

వెన్నులో ఎక్కడ?

మన రక్షణ కణాలు ఏదో శత్రువును చుట్టుముట్టినట్టుగా గుమిగూడి చిన్న చిన్న ముద్దలు కట్టడం సార్కాయిడోసిస్ లక్షణం. ఆ ముద్దల్ని గ్రాన్యులోమాలు అంటారు. శత్రువు ఎవరో ఇప్పటికీ తేలలేదు. 19వ శతాబ్దిలో లండన్, పారిస్ వైద్యులు దీన్ని చర్మవ్యాధిగానే చూశారు. 1899లో నార్వే వైద్యుడు సీజర్ బెక్ ఆ చర్మపు ముద్దల లోపలి కణాల తీరును వర్ణించి ‘సార్కాయిడ్’ అన్న పేరు నిలబెట్టాడు. ఒళ్లంతటికీ పాకగల జబ్బని తర్వాతి తరానికి గాని అర్థం కాలేదు.

‘వెన్నుకు వచ్చింది’ అన్న ఒక్క మాటలో నిజానికి మూడు వేర్వేరు జబ్బులు ఇమిడి ఉన్నాయి. మొదటిది వెన్నుపూసల ఎముకలో వచ్చేది. ఎక్కువగా వీపు కింది భాగంలో, నడుము పై భాగంలో కనబడుతుంది. చాలామందికి నొప్పే ఉండదు. వేరే కారణానికి స్కాన్ తీసినప్పుడు బయటపడి, క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనని ఇంటిల్లిపాదినీ హడలెత్తిస్తుంది. రెండోది వెన్నుపామును చుట్టి ఉండే పొరల్లోనూ, అక్కడి నుంచి బయటికి వచ్చే నరాల మొదళ్లలోనూ వచ్చేది. నడుము నుంచి కాలిలోకి జాలువారే నొప్పి, తిమ్మిర్లు, కాళ్ల సత్తువ తగ్గడం దీని గుర్తులు. మూడోది వెన్నుపాము లోపలే వచ్చే వాపు. అసలు ప్రమాదమంతా ఇక్కడే. కాళ్లు బిగుసుకుపోతాయి, నడక తడబడుతుంది, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టుంటుంది, మూత్రం ఆగిపోతుంది లేదా ఆపుకోలేరు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2020లో తమ రోగుల ఎమ్మారైలను పరిశీలించి, వెన్నుపాము సార్కాయిడోసిస్‌లో నాలుగు రూపాలు ఉన్నాయన్నారు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ పూసల పొడవున సాగే వాపు అన్నిటికన్నా ఎక్కువ, దాదాపు సగం మందిలో. కణితిలా ఉబ్బిన పొట్టి వాపు ఒకటి, పొరలనూ నరాల మొదళ్లనూ పట్టేది ఒకటి. నాలుగోది చిత్రమైనది: డిస్క్ అరిగి వెన్నుపామును ఒత్తుతున్న చోటే పాము ముందు భాగంలో వాపు రావడం. చాలామందిలో జబ్బు మొదట బయటపడేదే వెన్నుపాములో. అంటే రోగి ‘నాకు సార్కాయిడోసిస్ ఉంది’ అని చెప్పుకుంటూ రాడు. నడవలేక వస్తాడు.

తేల్చుకోవడంలోనే సగం వైద్యం

స్టెరాయిడ్ అన్నది వాపునంతా అణచే మందు. పొరపాటు జబ్బుకు ఇచ్చినా కొన్నాళ్లు మంచి చేసినట్టే కనిపించి, లోపల అపకారం చేయగలదు. అందుకే మొదటి మాత్ర వేసేలోపు మిగతా జబ్బుల్ని తోసిపుచ్చాలి.

మన దగ్గర అందులో మొదటిది క్షయ. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. వెన్నుపూసల క్షయ, మెదడు పొరల క్షయ, వెన్నుపాములో క్షయ గడ్డలు అన్నీ మన వైద్యులకు రోజువారీ సంగతులే. క్షయలోనూ గ్రాన్యులోమాలే వస్తాయి. వాటి మధ్య కణజాలం కుళ్లి జున్నులా మారడం క్షయ గుర్తని, సార్కాయిడోసిస్‌లో ఆ కుళ్లు ఉండదని పుస్తకం చెబుతుంది. సూదితో తీసిన చిన్న ముక్కలో ఆ తేడా ప్రతిసారీ దొరకదు. కుళ్లు కనబడనంత మాత్రాన క్షయ లేదనలేం. అందుకే అదే ముక్కను క్షయ క్రిమిని వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకూ, కల్చర్‌కూ పంపడం తప్పనిసరి. కల్చర్ ఫలితానికి వారాలు పడుతుందని దాన్ని మానేస్తే తర్వాత నెలలు పోతాయి.

వెన్నుపూసల క్షయ సాధారణంగా డిస్క్‌ను, దాని ఇరుపక్కల ఎముకను కలిపి తింటుంది, పక్కన చీము గడ్డ కడుతుంది. సార్కాయిడోసిస్‌లో డిస్క్ చెక్కుచెదరకుండా ఉండటం ఎక్కువ. అయితే దీనికీ మినహాయింపులున్నాయి కాబట్టి ఎమ్మారై ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు.

ఇక్కడే మన దేశపు ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి ఉంది. నాడీవ్యవస్థ క్షయ అనుకున్నప్పుడు క్షయ మందులతో పాటు స్టెరాయిడ్ కూడా ఇస్తారు. రోగికి నిజంగా ఉన్నది సార్కాయిడోసిస్ అయితే, స్టెరాయిడ్‌కు వాపు తగ్గి లేచి నడుస్తాడు. పేరు మాత్రం క్షయ మందులకు పోతుంది. కొన్ని వారాలకు స్టెరాయిడ్ ఆపగానే కాళ్లు మళ్లీ పడిపోతాయి. అప్పుడు ‘మందులకు లొంగని మొండి క్షయ’ అన్న అనుమానం వస్తుంది, ఇంకా ఘాటైన క్షయ మందులు మొదలవుతాయి. పైగా క్షయ మందుల్లోని రిఫాంపిసిన్, కాలేయంలో స్టెరాయిడ్‌ను వేగంగా విరగ్గొట్టి దాని బలాన్ని బాగా తగ్గిస్తుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంటే, క్షయ మందుల మీద ఉన్న రోగి స్టెరాయిడ్ తగ్గించిన ప్రతిసారీ దెబ్బతింటున్నప్పుడు, మందు మార్చేముందు జబ్బు పేరునే మళ్లీ అనుమానించాలని తెలుస్తుంది.

క్షయ తర్వాత చూడాల్సిన జాబితా చిన్నదేం కాదు. కంటి నరాలనూ వెన్నుపామునూ దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికాలోనూ పొడవైన వాపే వస్తుంది. దానికి రక్తంలో అక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష ఉంది. 2016లో మేయో క్లినిక్ వైద్యులూ సహచరులూ ఈ రెంటినీ పోల్చి ఒక ఉపయోగపడే గుర్తు చెప్పారు: రంగుమందు ఎక్కించి తీసిన ఎమ్మారైలో వెన్నుపాము వెనక అంచు పొర కింద రెండు లేదా అంతకు మించిన పూసల పొడవున మెరుపు కనబడితే, అది రెండు నెలలు దాటినా పోకపోతే సార్కాయిడోసిస్ వైపు మొగ్గాలి. ఆ వెనక మెరుపుకు నడిమి కాలువ మెరుపు కూడా తోడై అడ్డకోతలో త్రిశూలంలా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. లింఫు క్యాన్సర్, బి12 లోపం, సిఫిలిస్ కూడా వరసలో ఉన్నాయి. వెన్నుపాము పొరలో ధమని, సిర నేరుగా కలిసిపోయే డ్యూరల్ ఫిస్టులా అనే జబ్బును మరీ జాగ్రత్తగా వెతకాలి, ఎందుకంటే అందులో స్టెరాయిడ్ ఇస్తే పరిస్థితి ఒక్కసారిగా దిగజారవచ్చు.

ముక్క తీయడానికి వెన్నుపాము చివరి చోటు కావాలి గాని మొదటి చోటు కాకూడదు. అక్కడ సూది పెట్టినా కత్తి పెట్టినా ఉన్న బలం పోయే ప్రమాదం ఉంది. అందుకే ఒళ్లంతా పెట్ స్కాన్ తీసి సులువైన చోటు వెతుకుతారు. తరచు దొరికేది రొమ్ము మధ్య లింఫు గ్రంథి. శ్వాసనాళంలోకి గొట్టం వేసి, అల్ట్రాసౌండ్ సాయంతో అక్కడి నుంచి సూదితో ముక్క తీయవచ్చు. చర్మం మీద పాత మచ్చ, ఉబ్బిన గ్రంథి ఏది ఉన్నా పనికొస్తుంది. రక్తంలో ఏస్ అనే ఎంజైమ్ పరీక్షను చాలాచోట్ల రాస్తారు. అది మామూలుగా ఉన్నా జబ్బు ఉండవచ్చు, ఎక్కువ ఉన్నా వేరే జబ్బు కావచ్చు. నిర్ణయాన్ని దాని మీద నిలబెట్టకూడదు. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం నాడీ సార్కాయిడోసిస్ నిర్ధారణను మూడు మెట్లుగా విడదీసింది. నాడీవ్యవస్థ నుంచే ముక్క దొరికితే ఖాయం, ఒంట్లో మరోచోట దొరికితే చాలావరకు అదే, ఎక్కడా దొరకకపోతే కావచ్చు. మన రోగుల్లో ఎక్కువమంది మధ్య మెట్టు మీదే నిలుస్తారు. చికిత్సకు అది చాలు.

తొలి మందు స్టెరాయిడ్

1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ కీళ్లవాత రోగికి కార్టిసోన్ ఇచ్చి చూపించాక, 1950ల మొదట్లోనే అది సార్కాయిడోసిస్‌కూ వచ్చింది. ఇప్పటికీ మొదటి స్థానం దానిదే. ఐరోపా శ్వాసకోశ సంఘం 2021లో విడుదల చేసిన మార్గదర్శకాలు నాడీ సార్కాయిడోసిస్‌కు స్టెరాయిడ్‌ను గట్టిగా సిఫారసు చేస్తూనే, దానికి ఉన్న ఆధారం నాణ్యత చాలా తక్కువని అదే వాక్యంలో ఒప్పుకున్నాయి. పోల్చి చూసే పరిశోధన లేదు. కాళ్లు పడిపోతున్న మనిషికి మందు ఇవ్వకుండా చూసే పరిశోధన ఇక జరగదు కూడా.

వెన్నుపాము దెబ్బ తీవ్రంగా ఉంటే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. తర్వాత ప్రెడ్నిసొలోన్ మాత్రలు, సాధారణంగా కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము వరకు. ఆ డోసును కొన్ని వారాలు నిలబెట్టి, ఆపైన నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

డోసు మీద మన దేశంలోనే జరిగిన ఒక మంచి పరిశోధన ఉంది. చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు 86 మంది ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్ రోగుల్లో ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడాన్నీ, 20తో మొదలుపెట్టడాన్నీ పోల్చి 2023లో ప్రచురించారు. జబ్బు తిరగబెట్టడంలో పెద్ద డోసు మెరుగేమీ చూపలేదు. ఊపిరితిత్తులకు ఇది శుభవార్త. వెన్నుపాముకు దీన్ని అన్వయించడం తప్పు. ఊపిరితిత్తిలో ఓ మూల వాపు నెల ఎక్కువ నిలిస్తే మనిషికి తేడా తెలియకపోవచ్చు. వెన్నుపాములో ఆ నెల కాళ్లను తీసుకుపోగలదు. తక్కువ డోసు మంచిదన్న వార్త చదివిన కుటుంబం, న్యూరాలజిస్టు రాసిన డోసును సొంతంగా సగం చేసే ప్రమాదం ఉంది కాబట్టి ఈ తేడాను చెప్పి తీరాలి.

స్టెరాయిడ్ బలహీనత రెండు చోట్ల ఉంది. ఒకటి, తగ్గించేటప్పుడు జబ్బు తిరగబెట్టడం. రోజుకు 20 నుంచి 10 మిల్లీగ్రాములకు దిగే దశలో ఇది తరచు జరుగుతుంది. రెండోది, దీర్ఘకాలం వాడితే ఒంటికి చేసే చేటు: చక్కెర, రక్తపోటు, శుక్లాలు, ఎముకలు గుల్లబారడం, తొడ కండరాల నీరసం. చివరిదాన్ని మరిచిపోకూడదు. వెన్నుపాము రోగి మెట్లెక్కలేకపోతున్నాడంటే జబ్బు ముదిరిందని స్టెరాయిడ్ పెంచేస్తారు. ఆ నీరసం స్టెరాయిడ్ వల్లే వచ్చినదైతే పెంచిన కొద్దీ ఎక్కువవుతుంది.

స్టెరాయిడ్ నుంచి బయటికి దారి

పాత పద్ధతిలో స్టెరాయిడ్ విఫలమయ్యాక రెండో మందు గురించి ఆలోచించేవాళ్లు. ఇప్పుడు వెన్నుపాము జబ్బులో రెండో మందును మొదటి వారాల్లోనే జతచేసే వైద్యులు పెరిగారు. కారణం సూటిగా ఉంది. మెథోట్రెక్సేట్ పూర్తిగా పనిచేయడానికి నెలలు పడుతుంది. స్టెరాయిడ్ తగ్గించే రోజున మొదలుపెడితే అందుకోలేదు.

మెథోట్రెక్సేట్‌తో తెలుగువాళ్లకు చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనను నడిపిన 1940ల్లో, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే ఈ రకం మందులు ఆయన బృందం నుంచే వచ్చాయి. అప్పటి లక్ష్యం పిల్లల రక్త క్యాన్సర్. క్యాన్సర్‌కు వాడే దాంట్లో చిన్న వంతు, వారానికి 10 నుంచి 20 మిల్లీగ్రాములు, ఇప్పుడు సార్కాయిడోసిస్‌కు ఇస్తారు.

ఆ ‘వారానికి’ అన్న మాట ప్రాణాల మీది మాట. రోజూ వేసుకునే మాత్రల గుంపులో దీన్ని కలిపేసి రోజుకొకటి మింగిన వాళ్లకు నోరంతా పుండ్లై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు వైద్య సాహిత్యంలో ఎన్నో. చీటీ మీద వారం పేరు తెలుగులో రాయించుకోవాలి. ఫోలిక్ ఆమ్లం వేరే రోజు వేసుకోవాలి. మద్యం మానాలి. గర్భం రాకుండా చూసుకోవాలి. రక్తకణాల, కాలేయ పరీక్షలు తప్పకూడదు. పెద్ద డోసు స్టెరాయిడ్ మీద ఉన్నవారికి న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ ఇవ్వడం రివాజు. అదీ ఫోలిక్ ఆమ్లం మీదే దెబ్బ కొడుతుంది కాబట్టి, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముక మజ్జ కుదేలవవచ్చు. ఇద్దరు వైద్యులు వేర్వేరు చీటీల మీద చెరొకటి రాసినప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ.

2025లో నెదర్లాండ్స్ వైద్యులు 17 ఆసుపత్రుల్లో 138 మంది ఊపిరితిత్తుల రోగులపై ఒక పరిశోధన ఫలితం ప్రకటించారు. మెథోట్రెక్సేట్‌ను మొదటి మందుగా ఇచ్చినా, 24 వారాలకు ప్రెడ్నిసోన్‌కు తీసిపోలేదు. అయితే ప్రెడ్నిసోన్ ముందుగా పనిచేయడం మొదలుపెట్టింది. వెన్నుపాముకు ఇందులోంచి తీసుకోవాల్సిన పాఠం రెండోదే. ఇక్కడ మెథోట్రెక్సేట్ స్టెరాయిడ్‌కు బదులు కాలేదు, దాని వెనకే నడిచే తోడు.

మిగతా రెండో వరస మందుల్లో మైకోఫినోలేట్, అజాథయోప్రిన్ ఉన్నాయి. ఫ్రాన్స్ వైద్యులు 2016లో నాడీ సార్కాయిడోసిస్‌లో మైకోఫినోలేట్‌ను మెథోట్రెక్సేట్‌తో పోల్చినప్పుడు, మెథోట్రెక్సేట్ వైపే మొగ్గు కనిపించింది. రోగులు కొద్దిమందే కాబట్టి అది తుది తీర్పు కాదు. అజాథయోప్రిన్ ఇచ్చేముందు జన్యు పరీక్ష చేస్తే మంచిది. భారతీయుల్లో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువులోని తేడా వల్ల చిన్న డోసుకే తెల్లకణాలు పడిపోతాయి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్: బలమూ భయమూ

గ్రాన్యులోమాను కట్టి నిలబెట్టే రసాయన సంకేతాల్లో టీఎన్‌ఎఫ్ ముఖ్యమైనది. దాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ నాడీ సార్కాయిడోసిస్ చికిత్సను గత ఇరవై ఏళ్లలో ఎక్కువగా మార్చిన మందు. అమెరికాలో పలు ఆసుపత్రుల నుంచి 66 మంది వివరాలు కూర్చి 2017లో ప్రచురించినప్పుడు, ఎమ్మారైలో మెరుగు 82 శాతం మందిలో, రోగి స్థితిలో మెరుగు 77 శాతం మందిలో కనిపించింది. వీళ్లలో చాలామంది అంతకుముందు వేరే మందులు వాడి చూసినవాళ్లు. అదే పరిశోధనలో, జబ్బు అణిగిందని మందు ఆపిన 16 మందిలో 9 మందికి తిరగబెట్టింది. మందు జబ్బును అదుపులో పెడుతుంది, వేరుతో పీకేయదు. టీఎన్‌ఎఫ్‌నే అడ్డుకునే మరో మందు ఎటనెర్‌సెప్ట్ మాత్రం సార్కాయిడోసిస్‌లో పని చేయలేదు. ఒకే కుటుంబం మందులని మార్చి ఇవ్వడానికి వీల్లేదు.

క్షయ క్రిములను ఒంట్లో బందీగా ఉంచేది కూడా అదే గ్రాన్యులోమా, అదే టీఎన్‌ఎఫ్. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆ గోడనూ కూల్చేస్తుంది. 2001లో అమెరికా పరిశోధకులు ఈ మందు తర్వాత క్షయ బయటపడిన 70 మంది వివరాలు ప్రచురించారు. 48 మందికి మూడు లేదా అంతకన్నా తక్కువ డోసుల్లోనే వచ్చింది. 40 మందికి ఊపిరితిత్తుల బయట వచ్చింది. క్షయ తక్కువ ఉన్న దేశాల లెక్క ఇది. మన దగ్గర ఈ మందుకు ముందు ఛాతీ ఎక్స్‌రే, వీలైతే సీటీ, ఇగ్రా రక్త పరీక్ష తప్పవు. చర్మంలో సూది వేసి చూసే మాంటూ పరీక్షను ఇక్కడ పూర్తిగా నమ్మడానికి లేదు. సార్కాయిడోసిస్ రోగుల్లో అది తరచు ఖాళీగా వస్తుంది, స్టెరాయిడ్ దాన్ని ఇంకా నొక్కేస్తుంది. అందుకే ఈ పరీక్షలన్నీ స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే చేయించి ఉంచుకోవడం తెలివైన పని. లోపల నిద్రాణంగా క్షయ ఉందని తేలితే ముందు దానికి మందు వాడాలి. హెపటైటిస్ బి పరీక్ష, గుండె పరీక్ష కూడా ఈ జాబితాలోవే. గుండె నీరసించిన వారికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ప్రమాదం. సార్కాయిడోసిస్ గుండెనూ పట్టగలదు కాబట్టి, వెన్నుపాము రోగి ప్రతి ఒక్కరికీ ఈసీజీ ఎలాగూ తీయాలి.

సెలైన్‌లో ఎక్కించే ఈ మందుకు బదులు చర్మం కింద సూదిగా వేసుకునే అడలిముమాబ్‌ను కొందరు వాడుతున్నారు. రిటుక్సిమాబ్, టోసిలిజుమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ ఇతర దారులు మూసుకుపోయినప్పటివి. వాటికి ఉన్న ఆధారం ఇంకా సన్నం.

కత్తి ఎప్పుడు?

శస్త్రచికిత్స ఈ జబ్బును నయం చేయదు. వెన్నుపూస కూలి పాము నలుగుతుంటే, వెన్ను నిలకడ తప్పితే, లేదా ఎక్కడా ముక్క దొరకక క్యాన్సరో కాదో తేలకపోతే మాత్రమే దాని అవసరం. కణితి అనుకుని తెరిచి, చివరికి సార్కాయిడోసిస్ అని తేలిన కేసులు వైద్య పత్రికల్లో చాలా కనిపిస్తాయి.

మరింత తికమక పెట్టేది మెడ డిస్క్ అరుగుదల. యాభై దాటిన వారి మెడ ఎమ్మారైలో డిస్క్ ఒత్తిడి కనబడటం మామూలే. ఆ ఒత్తిడి ఉన్న చోటే సార్కాయిడోసిస్ వాపు వచ్చినప్పుడు, ఆపరేషన్‌తో తగ్గుతుందని పూస వెనక భాగం తొలగిస్తారు. ఒత్తిడి పోతుంది, వాపు ఉండిపోతుంది. డిస్క్ ఒత్తిడికి సరిపోనంత పొడవైన వాపు, రంగుమందుతో మెరుపు కనబడితే కత్తి పట్టుకునే ముందు ఛాతీ సీటీ ఒకటి తీసి చూడటం చవకైన జాగ్రత్త.

ఎముకలో మాత్రమే జబ్బు ఉండి నొప్పి లేకపోతే చాలాసార్లు మందే అక్కర్లేదు. నొప్పి ఉంటే స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ వాడతారు. నొప్పి తగ్గినా ఎమ్మారైలో మచ్చలు అలాగే నిలవవచ్చు. ఫిల్మ్ చూసి మందు పెంచుకుంటూ పోవడం ఇక్కడ పొరపాటు.

మన ఇళ్లలోని ఒక అలవాటు

స్టెరాయిడ్ వాడేవాళ్ల ఎముకలు గుల్లబారకుండా కాల్షియం, విటమిన్ డి ఇవ్వడం ఏ జబ్బులోనైనా రివాజు. సార్కాయిడోసిస్‌లో ఇది తిరగబడగలదు. గ్రాన్యులోమాలే విటమిన్ డిని దాని చురుకైన రూపంలోకి మార్చేస్తాయి, మూత్రపిండాల అదుపు లేకుండా. దాంతో రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, దాహం, మతిమరుపు, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. మామూలు విటమిన్ డి పరీక్షలో మాత్రం అది తక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఉన్నదంతా రూపం మారిపోయింది. ఆ కాగితం చూసి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు వారం వారం రాసేస్తారు, లేదా పక్కింటివాళ్లు చెప్పారని మందుల షాపులో కొనుక్కుంటారు. ముందు రక్తంలో, మూత్రంలో కాల్షియం, రెండు రూపాల విటమిన్ డి చూసి గాని ఈ ప్యాకెట్టు విప్పకూడదు. ఎముకల రక్షణకు బిస్‌ఫాస్ఫొనేట్ వంటి వేరే మందులున్నాయి.

చక్కెర సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చక్కెర జబ్బు అంచున ఉన్నవాళ్లు మన ఇళ్లలో ఎక్కువ. స్టెరాయిడ్ వాడేవారిలో మధ్యాహ్నం, సాయంత్రం చక్కెర ఎక్కువ పెరుగుతుంది. పొద్దున్నే పరగడుపు పరీక్ష మంచిగా వచ్చిందని ఊరుకుంటే మోసపోతారు.

మందులు చేయలేని పని

వెన్నుపాము రోగి ప్రాణానికి అసలు ప్రమాదం తరచు సార్కాయిడోసిస్ నుంచి రాదు. మంచం పుండ్లు, మూత్ర ఇన్‌ఫెక్షన్, కాలి సిరల్లో గడ్డకట్టే రక్తం నుంచి వస్తుంది. మూత్రం పూర్తిగా రాకపోతే, గొట్టం శాశ్వతంగా ఉంచేయడం కన్నా రోజుకు కొన్నిసార్లు శుభ్రమైన సన్న గొట్టంతో ఖాళీ చేసుకోవడం మేలు. దాన్ని ఒక నర్సు ఓపికగా నేర్పితే ఇంట్లోవాళ్లు చేయగలరు. బిగుసుకుపోయే కాళ్లకు బాక్లోఫెన్ ఉంది, అయితే ఆ బిగువు మీదే నిలబడి నడుస్తున్న మనిషికి దాన్ని ఎక్కువ ఇస్తే కూలబడతాడు. ఫిజియోథెరపీ స్టెరాయిడ్ మొదలైన వారంలోనే మొదలవ్వాలి. వాపు తగ్గేదాకా ఆగుదాం అంటే కండరాలు కరిగిపోతాయి. లైంగిక సమస్యలు, నిస్సత్తువ, దిగులు గురించి రోగి అడగడు. వైద్యుడే అడగాలి.

ఎప్పుడు ఆపాలి?

దీనికి స్థిరమైన జవాబు లేదు. ఎక్కువ కేంద్రాల్లో చికిత్స ఒకటి రెండేళ్లకు తక్కువ ఉండదు, కొందరికి ఇంకా ఎక్కువ. మూడు నుంచి ఆరు నెలలకోసారి రంగుమందుతో ఎమ్మారై చూసి తగ్గింపు నిర్ణయిస్తారు. రంగుమందు మెరుపు జబ్బు చురుకును చూపుతుంది. వెన్నుపాములో మిగిలిపోయిన తెల్ల మచ్చ పాత గాయం కావచ్చు. మెరుపు పూర్తిగా పోయి, స్టెరాయిడ్ చాలా తక్కువ డోసుకు వచ్చి, కొన్ని నెలలు స్థిరంగా ఉన్నాకే రెండో మందును కదపాలి. ఒకేసారి రెండూ తగ్గిస్తే, తిరగబెట్టినప్పుడు దేన్ని తిరిగి పెంచాలో తెలియదు. స్టెరాయిడ్‌ను సొంతంగా ఒక్కసారిగా ఆపడం మరో ప్రమాదం. ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది.

ఈ జబ్బు ఎవరి శాఖకూ పూర్తిగా చెందదు. న్యూరాలజిస్టు వెన్నుపామును చూస్తాడు, ఛాతీ వైద్యుడు లింఫు గ్రంథిని, రుమటాలజిస్టు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను, ఎండోక్రినాలజిస్టు చక్కెరను, సర్జన్ డిస్క్‌ను. ఇప్పటిదాకా చెప్పుకున్న పొరపాట్లను మళ్లీ చూస్తే, ఏ ఒక్కరి అజ్ఞానం వల్లా వచ్చినవి కావు. ముక్క కల్చర్‌కు పోకపోవడం, స్టెరాయిడ్ ముందే మొదలై క్షయ పరీక్షలను నమ్మలేకపోవడం, కోట్రైమాక్సజోల్‌కు మెథోట్రెక్సేట్ తోడవడం, విటమిన్ డి ప్యాకెట్టు, ఇవి చాలావరకు ఇద్దరు వైద్యుల మధ్య ఖాళీలోంచి పుట్టినవే. కొత్త మందు కోసం ఎదురుచూసేలోపు మన ఆసుపత్రులు చేయగలిగినది ఒకటుంది. ప్రతి రోగికీ ఒక వైద్యుడు బాధ్యత తీసుకుని, ఏ మందు ఏ తేదీన ఎంత డోసులో మొదలైందో, ఎప్పుడు తగ్గిందో, ఆ రోజు రోగి ఎన్ని అడుగులు నడిచాడో ఒకే కాగితం మీద వరసగా రాయాలి. ఆ కాగితాలు పదేళ్లపాటు ఒకచోట చేరితే, ఇప్పుడు వేరే దేశాల రికార్డుల నుంచి అరువు తెచ్చుకుంటున్న జవాబుల్లో కొన్నయినా క్షయ మధ్య బతికే మన రోగుల నుంచే దొరుకుతాయి.